రోజు టికెట్ మూడు వందలు, సీజన్ పాసు వెయ్యి: స్కీ కొండలు రెండు కంపెనీల చేతికి వెళ్లాక మనకేం మిగిలింది?

మీ ప్రశ్న చదివాను. డాలస్ నుంచి క్రిస్మస్ సెలవులకు స్కీయింగ్‌కి, అంటే కాళ్లకు పలకలు తగిలించుకుని మంచు కొండ మీంచి జారడానికి, కొలరాడో రావాలనుకుంటున్నారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అందరికీ ఇదే మొదటిసారి. అక్కడి బ్రెకెన్‌రిడ్జ్ అనే స్కీ కొండకి రోజు టికెట్ చూస్తే మనిషికి మూడు వందల డాలర్ల దగ్గర కనిపించింది, సీజనంతా తిరిగే పాసేమో వెయ్యి చిల్లర. "ఇదేం లెక్క? ఈ కొండలన్నీ ఒకరిద్దరే కొనేశారట, నిజమేనా? చట్టం ఏం చేస్తోంది? ఎపిక్ పాసు కొనాలా, ఐకాన్ పాసు కొనాలా, అసలు మానేయాలా?" అని అడిగారు. నేను డెన్వర్ పక్కన చాలా ఏళ్లుగా ఉంటున్నాను. కొన్ని సీజన్లు వారాంతాల్లో పిల్లలకు స్కీయింగ్ నేర్పే పని కూడా చేశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా. సలహా ఒక్కటే కావాలంటే నేరుగా కిందికి వెళ్లిపోండి, ఏమీ అనుకోను.

ముందు ఆ మూడు వందల సంగతి. ఆ ధర ఎవరైనా కడతారనే ఆశతో పెట్టింది కాదు. దాన్ని చూసి హడలిపోయి ముందే పాసు కొనుక్కుంటారని పెట్టింది. పాత లెక్క చూడండి. వెయిల్ రిసార్ట్స్ కంపెనీ 2008 మార్చిలో ఎపిక్ పాస్ తెచ్చినప్పుడు దాని ధర 579 డాలర్లు. అప్పట్లో వెయిల్ కొండ మీద రోజు టికెట్ ఇంకా వంద లోపే. ఆరు రోజులు స్కీయింగ్ చేస్తే పాసు డబ్బు తిరిగొచ్చేది. 2024-25 సీజన్‌కి పాసు 982 దగ్గర మొదలైంది. అదే సీజన్లో రద్దీ రోజుల్లో ఆ కంపెనీ కొండలైన వెయిల్, బీవర్ క్రీక్ కౌంటర్ దగ్గర రోజు టికెట్ 329. ఇప్పుడు మూడు రోజులకే పాసు గిట్టుబాటు అయిపోతుంది. 2025-26కి పాసు 1,051 అయినా సరే, పదిహేడేళ్లలో రెట్టింపు కూడా కాలేదు. రోజు టికెట్ మాత్రం మూడు రెట్లు దాటింది. ఏటా పది ఇరవై రోజులు కొండ మీదుండే నాలాంటివాళ్లకు ఇది బంగారం. ఏడాదికోసారి రెండు రోజుల కోసం వచ్చే కుటుంబానికి దోపిడీ. రెండూ ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ, మొదటివాళ్ల చవక ఖర్చులో కొంత రెండోవాళ్ల జేబులోంచే వస్తుంది.

తమాషా ఏమిటంటే, చవక పాసు అనే ఆలోచన ఈ పెద్ద కంపెనీలది కాదు. ఐడహో రాష్ట్రంలో బాయిసీ ఊరి పైన బోగస్ బేసిన్ అని ఒక కొండ ఉంది, లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది. వాళ్లు 1998లో దాదాపు 500 డాలర్లున్న సీజన్ పాసును ఒక్కసారిగా 199కి దించేశారు. ఊరు ఊరంతా కొనేసింది. అదే ఏడాది డెన్వర్ పక్కన వింటర్ పార్క్ వాళ్లు నలుగురు కలిసి కొంటే 800, అంటే తలకి 200 అని బడ్డీ పాస్ పెట్టారు. చుట్టుపక్కల రిసార్టులూ అదే దారి పట్టక తప్పలేదు. పదేళ్ల తర్వాత వెయిల్ కంపెనీ చేసిందల్లా ఆ ఊరి చిట్కాను తీసుకుని తన కొండలన్నిటికీ కలిపి అమ్మడం. అప్పుడు ఆ కంపెనీని నడిపింది రాబ్ కాట్జ్. 2006 నుంచి 2021 దాకా సీఈవోగా ఉండి దిగిపోయాడు, 2025లో మళ్లీ తీసుకొచ్చారు.

దీని వెనుక భయం ఒక్కటే, మంచు పడకపోతే ఎలా అని. స్కీ వ్యాపారంలో లిఫ్టులు (జనాన్ని కొండ పైకి చేర్చే తీగ కుర్చీలు), మంచు చదును చేసే బళ్లు, మంచు తయారుచేసే తుపాకులు, బీమా అన్నీ ముందే పెట్టాల్సిన ఖర్చులు. ఆదాయం మాత్రం నాలుగైదు నెలలదే, అదీ ఆకాశం దయ. నవంబరులో రాత్రిళ్లు సరైన చలి పడకపోతే మంచు తుపాకులు కూడా పనిచేయవు. పాత పద్ధతిలో మంచు లేని ఏడాది నష్టం రిసార్టుది, ఎందుకంటే జనం రోజు చూసుకుని టికెట్ కొనేవాళ్లు. ఎపిక్ ఈ బరువును ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చింది. మీరు మార్చి నుంచి డిసెంబరు మొదటి వారం లోపు డబ్బు కట్టేస్తారు, ఆ తర్వాత మంచు పడినా పడకపోయినా కంపెనీకి వచ్చేది వచ్చేసింది. ఇప్పుడు వెయిల్ కొండల మీదికి వచ్చేవాళ్లలో దాదాపు మూడొంతుల మంది ముందే డబ్బు కట్టినవాళ్లే. మంచు రిస్కు ఇప్పుడు మీది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే నేను కింద రాసేదంతా దానంతటదే అర్థమైపోతుంది.

పాసు అమ్ముడుపోవాలంటే దాని మీద కొండలు ఎక్కువుండాలి, కొండలు కొనాలంటే పాసు డబ్బు కావాలి. అలా మొదలైంది కొనుగోళ్ల జోరు. వెయిల్ రిసార్ట్స్ 1997లోనే షేర్ మార్కెట్లోకి వచ్చి, అదే ఏడాది మీరు చూస్తున్న బ్రెకెన్‌రిడ్జ్‌ని, పక్కనున్న కీస్టోన్‌ని కొనేసింది. ఆ తర్వాత కాలిఫోర్నియా వైపు టాహో సరస్సు దగ్గర కొండలు, 2016లో కెనడాలోని విస్లర్ బ్లాక్‌కోమ్, 2017లో వెర్మాంట్‌లోని స్టో, ఆస్ట్రేలియాలో మూడు, స్విట్జర్లాండ్‌లో రెండు. మొత్తం 42 రిసార్టులు.

పార్క్ సిటీ కథ చెప్పకుండా వెళ్లలేను. యూటాలో ఆ కొండను పౌడర్ అనే కంపెనీ నడిపేది, కొండ పైభాగం స్థలం మాత్రం వేరేవాళ్ల దగ్గర నామమాత్రపు అద్దెకు తీసుకున్నది. 2011లో లీజు పొడిగించుకోవాల్సిన గడువు దాటిపోయింది, కాగితం కొద్ది రోజులు ఆలస్యంగా చేరింది. అంతే. స్థలం యజమాని వెయిల్‌తో చేతులు కలిపాడు, కోర్టు కేసులు నడిచాయి, చివరికి 2014లో పౌడర్ వాళ్లు కొండ అడుగున తమకున్న ఆస్తిని 182.5 మిలియన్ డాలర్లకు వెయిల్‌కి అమ్ముకుని తప్పుకున్నారు. మరుసటి ఏడాదే వెయిల్ వాళ్లు పక్కనున్న కాన్యన్స్ రిసార్టుకీ దీనికీ మధ్య గొండోలా (తీగ మీద నడిచే పెట్టెలు) వేసి 7,300 ఎకరాల రిసార్టు చేశారు. ఒక్క లీజు కాగితం దెబ్బ అది. ఆ పైన "పార్క్ సిటీ" అన్న పేరును ట్రేడ్‌మార్క్ చేసుకుందామని కూడా చూశారు. ఊరి పేరు మీకెలా రాసిస్తామని జనం గొడవ చేస్తే 2016లో విరమించుకున్నారు.

రెండో కంపెనీ ఆల్టెరా, డెన్వర్‌లోనే ఉంటుంది. 2017లో కేఎస్ఎల్ కాపిటల్ అనే పెట్టుబడి సంస్థ, ఆస్పెన్ రిసార్టుల యజమానులైన క్రౌన్ కుటుంబపు సంస్థ కలిసి పెట్టారు. స్టీమ్‌బోట్, మామత్, డీర్ వ్యాలీ, టాహోలోని పాలిసేడ్స్, సియాటెల్ దగ్గర క్రిస్టల్ మౌంటెన్ వీళ్లవి. వీళ్ల ఐకాన్ పాస్ 2018-19 సీజన్‌తో మొదలైంది, 899 డాలర్లకు. 2025-26కి అది 1,329. వీళ్ల పద్ధతి కొంచెం వేరు. అన్నీ కొనరు, చాలా కొండలతో ఒప్పందం మాత్రం పెట్టుకుని ఏడాదికి ఇన్ని రోజులని ఇస్తారు. జాక్సన్ హోల్, ఆల్టా, టావోస్ అలాంటివే.

మనవాళ్లు ఎక్కువుండే ఊళ్లకు దీనితో ఉన్న సంబంధం చాలామంది గమనించరు. పెద్ద కంపెనీలు కొన్నవి పెద్ద పర్వతాలే కాదు. 2019లో వెయిల్ పీక్ రిసార్ట్స్ అనే సంస్థను కొనడంతో 17 చిన్న కొండలు ఒక్కసారే దాని చేతికొచ్చాయి. అందులో వాషింగ్టన్ డీసీ, బాల్టిమోర్ వాళ్లు వెళ్లే లిబర్టీ, వైట్‌టెయిల్, రౌండ్‌టాప్ ఉన్నాయి. యాష్‌బర్న్‌లోనో హెర్న్‌డన్‌లోనో ఉన్న తెలుగు కుటుంబం మొదటిసారి స్కీ బూట్లు తొడిగేది ఎక్కువగా అక్కడే. ఇంటి పక్క గుట్ట మీద నేర్చుకున్నవాడు, చేతిలో పాసు ఉంది కదాని ఫిబ్రవరిలో విమానమెక్కి కొలరాడో వస్తాడు, అక్కడ కంపెనీ హోటల్లో దిగి, కంపెనీ రెస్టారెంట్లో బర్గర్ తింటాడు. ఆ గుట్ట కొన్నది ఆ గుట్ట లాభం కోసం కాదు.

ఇక కొండ మీద మనకు జరిగేదేంటి?

మొట్టమొదటిది రద్దీ. బఫే భోజనానికి ముందే డబ్బు కట్టినవాడు ఆకలి లేకపోయినా ఇంకో ప్లేటు పెట్టుకుంటాడు కదా, పాసున్నవాడూ అంతే. శనివారం మంచు పడిందంటే చాలు, ఎలాగూ ఫ్రీయే కదాని బయల్దేరతాడు. 2021లో వెయిల్ పాసు ధరను 979 నుంచి 783కి, అంటే 20 శాతం తగ్గించింది. ఆ ఏడాది 21 లక్షల పాసులు అమ్ముడయ్యాయి. కోవిడ్ తర్వాత పనివాళ్లు దొరకని సీజన్ కూడా అదే. ఫలితం సియాటెల్ వాళ్లను అడగండి. అక్కడికి దగ్గర్లో స్టీవెన్స్ పాస్ అని వెయిల్ కొండ ఒకటుంది (ఇక్కడ పాస్ అంటే కనుమ), ఆ చలికాలం మంచు పుష్కలంగా ఉంది, లిఫ్టు నడిపేవాళ్లు లేరు. కొండలో సగం కూడా తెరవలేదు. కోపమొచ్చి నలభై వేల మందికి పైగా పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. 2022 జనవరిలో కొత్త జనరల్ మేనేజర్ని పంపితే తప్ప దారిలో పడలేదు. పాత పద్ధతిలో సగం కొండ మూసి ఉంటే టికెట్లు అమ్ముడుపోక, మొదటి వారంలోనే యాజమాన్యానికి సెగ తగిలేది. డబ్బు ముందే చేతిలో పడ్డాక ఆ సెగ తగలడానికి నెల పడుతుంది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి లిఫ్టు కింద నిలబడితే ఇది కళ్లకు కనిపిస్తుంది. ఎడంవైపు జేబులో పెట్టుకున్న కార్డును గేటే చదివేసుకుంటుంది, చేత్తో తీయక్కర్లేదు. గేటు ముందు ఐదారు వరుసలు ఒకదాంట్లో ఒకటి కలుస్తూ పోతాయి. కూడలి దగ్గర "ఇటు ఒకటి, అటు ఒకటి" అని పంపించే మనిషి ఉన్న రోజు లైను చకచకా కదులుతుంది. ఆ మనిషి లేని రోజు ఎవరి కుటుంబం వాళ్లు కలిసి ఎక్కాలని చూస్తారు, ఆరుగురు కూర్చునే కుర్చీలో నలుగురే వెళ్తుంటారు. లక్షలు పోసి వేసిన కొత్త లిఫ్టు కన్నా గంటకు ఇరవై డాలర్ల ఆ మనిషి వల్లే లైను తగ్గుతుంది. నేను పనిచేసిన చోటా అదే చూశాను, ఏ కొండ అన్నది వద్దులెండి. సెలవు వారంలో టీచర్లు చాలక, మొదటిరోజు పిల్లల క్లాసులో ఏడెనిమిది మంది ఉండాల్సిన చోట పన్నెండు మందిని నాకే అప్పగించేవారు. కొత్తవాళ్లను పైకి చేర్చే కదిలే పట్టా మీద ఒకడు పడితే వెనక నలుగురు పడతారు. ఒకడి గ్లవ్ ఊడుతుంది, ఇంకొకడికి అప్పుడే బాత్రూం. తల్లిదండ్రులు కట్టింది ఒక్కో పిల్లకి రెండు వందల పైచిలుకు, పిల్ల రోజంతా జారింది నాలుగు సార్లు.

రెండోది జీతాల సంగతి. 2024 డిసెంబరు 27న పార్క్ సిటీలో స్కీ ప్యాట్రోల్ వాళ్లు సమ్మెకు దిగారు. ప్యాట్రోల్ అంటే పొద్దున్నే మంచు చరియలు పేల్చి దారి సురక్షితం చేసేవాళ్లు, దెబ్బ తగిలితే స్లెడ్జి మీద కిందికి తెచ్చేవాళ్లు. మొదటి జీతం గంటకు 21 డాలర్లుంటే 23 చేయమని అడిగారు. వేరే రాష్ట్రాల్లోని తన కొండల నుంచి ప్యాట్రోల్‌ని తెచ్చి నడపాలని కంపెనీ చూసింది, అయినా కొండలో ఎక్కువ భాగం మూతే. ఏడాదిలో అత్యంత ఖరీదైన వారం అది. వేల డాలర్లు పోసి వచ్చిన కుటుంబాలు గంటల తరబడి లైన్లలో నిలబడ్డాయి. జనవరి 8న ఒప్పందం కుదిరింది, సగటున గంటకు నాలుగు డాలర్ల చొప్పున పెరిగింది. రెండు డాలర్ల దగ్గర మొదలైన పేచీ అది. ఆ తర్వాత సందర్శకులు కోర్టుకెక్కారు, వాటాదారులు అలిగారు, ఆ మే నెలలోనే సీఈవో మారింది. 2021 చివరి నుంచి చూస్తే కంపెనీ షేరు సగానికి పైగా పడిపోయింది. పెద్దవాళ్లయినంత మాత్రాన తెలివైనవాళ్లు కావాలని లేదు.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి ఇంకో వైపు కూడా చెబుతా. పాత రోజుల్లో అంతా స్వర్గమని నేననను. 1980ల మొదట్లో అమెరికాలో ఏడు వందలకు పైగా స్కీ కొండలుండేవి, ఇప్పుడు ఐదు వందల లోపే. పోయినవాటిలో ఎక్కువ భాగం ఈ కంపెనీలు పుట్టకముందే, మంచు లేకో, బీమా కట్టలేకో, కొత్త లిఫ్టు కొనలేకో మూతపడ్డ చిన్న గుట్టలు. కొత్త లిఫ్టులు, మంచు తయారీ యంత్రాలు రావడానికి పెద్ద కంపెనీల డబ్బు ఉపయోగపడిందన్నది నిజం. నా పాసు మీద నేను రోజుకి కట్టేది ఇరవై ఏళ్ల క్రితం కట్టేదానికన్నా తక్కువే. నా అభ్యంతరం ధర మీద కాదు. కొత్తగా వచ్చేవాడికి తలుపు మూసేశారన్నది నా బాధ. మా అపార్ట్‌మెంట్లో కొత్తగా ఇండియా నుంచి వచ్చిన కుర్రాడు "ఒకసారి వెళ్లి చూద్దాం అన్నా" అంటే, ఈ పెద్ద కొండల మీద ఊరికే చూడ్డానికి ఇప్పుడు పద్ధతంటూ దాదాపు లేదు. ముందు వెయ్యి కట్టు, ఆ తర్వాత ఇష్టమో కాదో చూసుకో, ఇదీ వరస.

చట్టం ఏం చేస్తోందని అడిగారు. చేసింది, అప్పుడప్పుడూ. 1985లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటుంది, లా కాలేజీల్లో ఇప్పటికీ చెబుతారు. ఆస్పెన్‌లో నాలుగు కొండలు, మూడు ఒక కంపెనీవి, నాలుగోదైన హైలాండ్స్ ఒక చిన్న యజమానిది. నాలుగింటికీ కలిపి ఒకే టికెట్ ఉండేది. పెద్ద కంపెనీ దాన్ని ఆపేసింది. చిన్నవాడు వ్యాపారం పోయి కోర్టుకెళ్లి గెలిచాడు. 75 లక్షల డాలర్ల నష్టపరిహారం, చట్టం ప్రకారం దానికి మూడు రెట్లు. గెలిచి ఏం లాభం? 1993లో ఆ నాలుగో కొండ కూడా పెద్ద కంపెనీ చేతిలోకే వెళ్లింది. ఆ కంపెనీ యజమానులే ఇప్పుడు ఆల్టెరాలో భాగస్వాములు.

డెన్వర్ వాళ్లందరికీ ప్రాణమైన అరాపహో బేసిన్ అనే కొండ కథా ఇంతే. 1997లో వెయిల్ బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్ కొన్నప్పుడు దాంతో పాటు ఇదీ రావాల్సింది. ఒకే దారిలో ఇన్ని కొండలు ఒక్కరికెలా అని కేంద్ర న్యాయశాఖ దీన్ని వదిలించింది. కెనడా సంస్థ ఒకటి కొనుక్కుంది. అయినా చాలా ఏళ్లు వెయిల్ పాసు మీదే నడిచింది, జనం తోసుకొచ్చి పార్కింగ్ చాలక 2019లో ఆ పాసు నుంచి బయటికొచ్చేసింది. మేమంతా చప్పట్లు కొట్టాం. 2024లో ఆల్టెరా కొనేసింది.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది న్యూయార్క్‌లో సిరక్యూస్ దగ్గర జరిగింది. అక్కడ పక్కపక్కనే మూడు చిన్న కొండలు. రెండింటి యజమాని 2021లో మూడోదైన టోగెన్‌బర్గ్‌ని కొని, ఆ వెంటనే మూసేశాడు, జనం తన రెండింటికీ వస్తారని. రాష్ట్ర అటార్నీ జనరల్ దావా వేస్తే అది చట్టవిరుద్ధమని 2024లో తీర్పొచ్చింది. ఇక్కడ వెయిల్ లేదు, ఆల్టెరా లేదు. పక్క కొండ కొని మూసేస్తే తప్పని చెప్పడం కోర్టుకి సులువు. నలభై కొండలు కొని పాసు చవగ్గా అమ్మితే తప్పెక్కడుందో చూపించడం కష్టం, ఎందుకంటే చవకే కదా అంటారు. చవక ఎవరికి అన్న ప్రశ్న ఎవరూ అడగరు. ఇంకో సంగతి, కొలరాడోలో వెయిల్, బ్రెకెన్‌రిడ్జ్ లాంటి పెద్ద కొండలు ఎక్కువగా ఉన్నది ప్రభుత్వ అటవీ భూమి మీద, పర్మిట్ తీసుకుని నడుపుతారు. లిఫ్టులు వాళ్లవి, కొండ దేశానిది. పర్మిట్‌తో పాటు కొత్తగా నేర్చుకునేవాళ్లకి చవక టికెట్లు ఇన్ని ఉండాలని షరతు పెడితే పోయేదేముందో నాకైతే అర్థం కాదు.

అందరూ అమ్ముకోవడం లేదులెండి. వెర్మాంట్‌లో మాడ్ రివర్ గ్లెన్‌ని 1995లో అక్కడ స్కీయింగ్ చేసేవాళ్లే సహకార సంఘం పెట్టుకుని కొనుక్కున్నారు. ఒక్కొక్కరే కూర్చునే పాత కుర్చీ లిఫ్టు ఇప్పటికీ నడుపుతున్నారు. అదే రాష్ట్రంలో పెద్దదైన కిల్లింగ్‌టన్‌ని పౌడర్ కంపెనీ 2024లో స్థానిక పెట్టుబడిదారులకు అమ్మేసింది. 2019లో వచ్చిన ఇండీ పాస్ మీద స్వతంత్ర కొండలు రెండు వందలు దాటాయి, ఒక్కో చోట రెండేసి రోజులు.

ఇప్పుడు మీ సంగతి.

నలుగురూ మొదటిసారి కాబట్టి, ఎపిక్ వద్దు, ఐకాన్ వద్దు. పాసు కొనేసి "మళ్లీ మార్చిలో కూడా వద్దాంలే" అని సర్దిచెప్పుకునేవాళ్లను చాలామందిని చూశా, మార్చిలో ఎవరూ రారు. మొదటి రెండు రోజులు మీరు తిరిగేది పిల్లల పట్టా, ఒక గ్రీన్ (అన్నిటికన్నా సులువైన వాలు) లిఫ్టు, అంతే. వాటి కోసం వేల ఎకరాల బ్రెకెన్‌రిడ్జ్‌కి డబ్బు కట్టడం దండగ.

డెన్వర్ వైపే రావాలంటే లవ్‌లాండ్ చూడండి. ఐ-70 మీదే, ఐజెన్‌హోవర్ సొరంగానికి సరిగ్గా ముందు. ఏ పెద్ద కంపెనీదీ కాదు. కొత్తవాళ్ల కోసం వ్యాలీ అని విడిగా ఒక భాగం ఉంది, పైనుంచి దూసుకొచ్చేవాళ్లు మీ మధ్యలోకి రారు. పాఠం, లిఫ్టు, సామాను అన్నీ కలిపి ఒకే ధరకు అమ్ముతారు. అక్కడ హోటళ్లుండవు, జార్జ్‌టౌన్‌లోనో సిల్వర్‌థార్న్‌లోనో దిగాలి. లెడ్‌విల్ దగ్గర స్కీ కూపర్ కూడా ఇలాంటిదే, కౌంటీ ప్రభుత్వానిది.

నిజానికి డాలస్ నుంచి అయితే నేను మిమ్మల్ని న్యూ మెక్సికో వైపు తోస్తాను. రెడ్ రివర్‌కి పది పదకొండు గంటల డ్రైవు, పార్కింగ్‌లో సగం టెక్సస్ నంబరు ప్లేట్లే. అక్కడికి దగ్గర్లో ఏంజెల్ ఫైర్, సిపాపు ఉన్నాయి. సిపాపు, కొలరాడోలో డురాంగో దగ్గరున్న పర్గెటరీ ఒకే సంస్థవి. ఆ రెండు చోట్లా పన్నెండేళ్ల వరకు పిల్లలకు లిఫ్టు పాసు ఉచితం, పెద్దవాళ్లు టికెట్ కొన్నా కొనకపోయినా. ఆన్‌లైన్లో ముందే పేరు నమోదు చేసుకోవాలి. ఈ సంస్థ కూడా కొండల మీద కొండలు కొంటూ పోతోందని నాకు తెలుసు, అయినా పిల్లలకు ఉచితమన్నది ఉచితమే. మంచు మీద నమ్మకం కావాలంటే వోల్ఫ్ క్రీక్, కొలరాడోలో బాగా మంచు పడే చోట్లలో అదొకటి. ఒక కుటుంబమే నడుపుతుంది, హంగులుండవు.

లేదు, బ్రెకెన్‌రిడ్జే, స్నేహితులంతా అక్కడే దిగుతున్నారంటారా? అప్పుడు ఎపిక్ డే పాస్ కొనండి. ఒకటి నుంచి ఏడు రోజుల వరకు ఎన్ని కావాలంటే అన్ని, కౌంటర్ ధరలో సగం లేదా అంతకన్నా తక్కువ పడుతుంది. అమ్మకాలు డిసెంబరు మొదట్లోనే ఆపేస్తారు, ఎంత ముందు కొంటే అంత చవక. అందులో రద్దీ రోజులు పనికిరాని రకం ఇంకా చవక. ఆ నిషేధం మామూలుగా డిసెంబరు 26 నుంచి 31 వరకు ఉంటుంది, కొనేముందు ఆ ఏటి తేదీలు సరిచూసుకోండి. మీరు 20న బయల్దేరి 25కల్లా ముగించుకునేలా సెలవు పెట్టగలిగితే చవక రకమే చాలు, లైన్లు కూడా సగమే. ఇంకో దారి, మీ తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో "ఎపిక్ పాస్ ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా" అని ఒక మెసేజ్ పెట్టండి. 2025-26 నుంచి పాసున్నవాళ్లు స్నేహితులకు సగం ధరకు టికెట్ ఇప్పించే వీలుంది. చాలామందికి అవి వాడకుండానే మిగిలిపోతాయి.

మీ తమ్ముడు స్నోబోర్డ్ (రెండు కాళ్లూ ఒకే పలక మీద పెట్టి జారేది) అంటున్నాడని రాశారు. ముందుముందు ఐకాన్ కొనే ఆలోచన ఉంటే అతనికి ఒక్క మాట చెప్పండి, యూటాలో ఆల్టా, డీర్ వ్యాలీ రెండూ ఐకాన్ మీద ఉన్నాయి, రెండు చోట్లా స్నోబోర్డ్‌ని రానివ్వరు. విమానం దిగాక తెలుసుకున్నవాళ్లు ఉన్నారు.

పాసుతో వచ్చే రీఫండ్ హామీని కూడా చదువుకోండి. దెబ్బ తగిలినా, ఉద్యోగం పోయినా, రిసార్టు పూర్తిగా మూసేసినా డబ్బు వెనక్కి రావచ్చు. మంచు సరిగా పడలేదనో సగం కొండే తెరిచారనో అడిగితే రాదు.

సామాను కొండ కింద అద్దెకు తీసుకోవద్దు, డెన్వర్‌లోనో దారిలో ఊళ్లోనో తీసుకుంటే బాగా తక్కువ. ప్యాంట్లు, జాకెట్లు ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. గ్లవ్స్ మాత్రం మంచివి కొనండి. జీన్స్ వేసుకొచ్చి మధ్యాహ్నానికి వణికిపోయే మనవాళ్లు ప్రతి సెలవులకీ కనిపిస్తారు. ఐ-70 మీద చలికాలమంతా టైర్ల నిబంధన ఉంటుంది, అద్దె కారు తీసుకునేటప్పుడే మంచు టైర్లో ఫోర్ వీల్ డ్రైవో అడగండి. శనివారం పొద్దున ఆరున్నర తర్వాత డెన్వర్ నుంచి పైకి, ఆదివారం మధ్యాహ్నం కిందికి బయల్దేరితే మాత్రం కార్లోనే భోజనం చేయాల్సి వస్తుంది. బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల ఎత్తులో ఉంది, మొదటి రాత్రి పిల్లలకు తలనొప్పి, వాంతులు రావచ్చు. వీలైతే ఒక రాత్రి డెన్వర్‌లో పడుకుని పైకి వెళ్లండి, నీళ్లు బాగా తాగించండి.

పిల్లల వయసులు, మీకు సెలవు దొరికే తేదీలు రాస్తే ఏ కొండ మీద ఏ పాఠం బుక్ చేసుకోవాలో చెబుతా. 26 తర్వాత తప్ప కుదరదంటే మాత్రం బ్రెకెన్‌రిడ్జ్ మాట వదిలేసి రెడ్ రివర్‌లో గది ఈ వారమే చూసుకోండి, టెక్సస్ వాళ్లందరికీ అదే వారం సెలవులు.